ఓదెలు మోకాలికి కాపలా

కొయ్యడ ఓదెలు కుడి మోకాలు ఎవరికీ పట్టని మోకాలు. ముప్పై ఏళ్ళుగా అది రోజుకు రెండు పూటలా తాటిచెట్లు ఎక్కింది, దిగింది. ఎవరూ దాని వంక చూసిన పాపాన పోలేదు. అటువంటి మోకాలిని ఒక ఎండాకాలంలో ప్రభుత్వం కన్నార్పకుండా చూసింది. కన్నార్పకుండా అన్నది మాటవరసకు కాదు. దానికి ఉత్తర్వు ఉంది, నంబరూ తేదీ కూడా ఉన్నాయి.

ఓదెలుది కల్లు గీత పని. ఊరి బయట వాగు ఒడ్డున పద్దెనిమిది తాటిచెట్లు అతని వంతు. గీత పనివాళ్ళకు ఆదివారాలూ పండగలూ ఉండవు. పొద్దునా సాయంత్రమూ ఎక్కాలి, గెల కొసను పలచగా చెక్కాలి, దాని కింద కల్లు పట్టే కుండ, లొట్టి, కట్టి దిగాలి. ఒక పూట ఎక్కకపోతే గెల కొస ఎండడం మొదలవుతుంది. మూడు రోజులు వదిలేస్తే కల్లు ధార ఆగిపోయి, ఆ గెలకు దండం పెట్టుకోవలసిందే. అందుకే ఒకరోజు తెల్లవారి మోకాలు గుమ్మడికాయలా వాచి కనిపించినప్పుడు, ఓదెలుకు నొప్పి కంటే ముందు చెట్లు గుర్తుకొచ్చాయి.

నొప్పి మాత్రలు అతనికి పడవు. రెండేళ్ళ కింద మాత్రలు మింగీ మింగీ కడుపులో పుండు పడి, చావు తప్పి బయటపడ్డాడు. కాబట్టి ఒక వారం చెట్లెక్కమని బావమరిదిని గడ్డం పట్టుకుని బతిమాలి, కుంటుకుంటూ చిన్నగట్ల ఏరియా ఆస్పత్రికి వచ్చాడు.

సూపరింటెండెంటు డాక్టర్ విశ్వమోహన్ మంచివాడు. మంచివాడు కాబట్టే ఎప్పుడూ భయపడుతూ ఉండేవాడు. ఆయన బీరువాలోంచి చిన్న ట్యూబు తీసి చూపించాడు. ఆ వారమే వచ్చిన కొత్త మందు.

"ఇందులో కంటికి కనబడని బుడగలు ఉంటయి ఓదెలూ. కొవ్వు పొరతోని చేసిన బుడగలు. వాటి లోపల మందు. చర్మంలో సన్న సన్న సందులు ఉంటయి గదా, ఈ బుడగలు మెత్తగా ఉంటయి కాబట్టి ఒళ్ళు వంచుకుని వాటిలోంచి దూరిపోతయి. నీ కడుపు జోలికి పోవు. రాసినంక నాలుగు గంటల పాటు మెల్లగ దిగుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నెల రోజులు రాస్తే మోకాలు నీ మాట వింటది. నడుమ ఆపితే మళ్ళ వాస్తది."

"మంచిగున్నది సారూ. ఇంటికాడ్నే రాసుకుంట" అని ఓదెలు చెయ్యి చాచాడు.

డాక్టరు ట్యూబును వెనక్కి లాక్కున్నాడు. "ఇది నీ చేతిల పెడితే, సస్పెన్షన్ కాగితం నా చేతిల పెడతరు" అన్నాడు దిగులుగా.

దీని వెనక కథ ఉంది. అంతకు ముందు ఏడాది ఆ జిల్లాలో బడిపిల్లలకు నులిపురుగుల మాత్రలు పంచారు. నూటికి నూరు మంది మింగేశారని నివేదిక పైకి వెళ్ళింది. నెల తిరక్కుండా ఒక బడి కిటికీ కింద వానకు తడిసి ఉబ్బిన మాత్రలు గంపెడు దొరికాయి. కోళ్ళు తిన్నవి పోగా మిగిలినవి అన్నమాట. ఆ ఊరి కోళ్ళు ఆ ఏడు నిగనిగలాడాయని చెప్పుకుంటారు. దాంతో జిల్లాలో కొత్త కొలువు ఒకటి పుట్టింది. దాని పేరు ఔషధ ప్రవేశ పర్యవేక్షణ ప్రత్యేకాధికారి. ఆ కుర్చీలో చక్రధరరావు కూర్చున్నాడు. కూర్చున్న రోజే ఉత్తర్వు వేశాడు.

"ఏ రూపమున ఉన్న ఔషధమైనను, రోగి శరీరమునందు పూర్తిగా ప్రవేశించు వరకు సిబ్బంది ప్రత్యక్షముగా వీక్షించి ధ్రువీకరించవలెను. ప్రవేశము పూర్తి కాక మునుపు రోగి సిబ్బంది దృష్టి దాటరాదు."

మాత్రలకు ఈ ఉత్తర్వు చక్కగా కుదిరింది. గుటక వేయడానికి ఎంతసేపు? తీరుబడిగా నాలుగు గంటలు ప్రవేశించే మందు ఒకటి ఉంటుందని చక్రధరరావు ఊహించలేదు. అది ఆయన తప్పు కాదు. ఉత్తర్వులు రాసే కాగితం మీద ఊహకు గడి ఉండదు.

అలా ఓదెలు ఆరో నంబరు మంచం మీద చేరాడు. స్టాఫ్ నర్సు ఎస్తేరురాణి అతని మోకాలికి మందు రాసి, స్టూలు దగ్గరకు లాక్కుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మోకాలి వంక చూడసాగింది. పది నిమిషాలు గడిచాయి.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా?" అన్నాడు ఓదెలు.

"మందు లోపటికి పోతున్నదా లేదా అని కాకా."

"పోతున్నదా మరి?"

"ఏమో. నాకైతే మోకాలే కనవడ్తున్నది." ఆమె కాసేపాగి, "నోరు తెరువు కాకా. నాలుక లేపు" అంది.

"రాసింది మోకాలికైతే నోరెందుకు బిడ్డా?"

"కంప్యూటర్ల ఏడో గడి అది. నోరు తెరిపించి నాలుక కింద చూసినం అని కొట్టకుంటే ఎనిమిదో గడి తెరుసుకోదు."

ఓదెలు నోరు తెరిచి నాలుక ఎత్తాడు. ఎస్తేరురాణి టార్చి వేసి చూసింది. మోకాలికి రాసిన మందును రోగి నాలుక కింద దాచుకోలేదని రూఢి అయింది.

మందు మాత్రం మంచిది. నాలుగో రోజు పొద్దున బాత్రూముకు వెళ్ళి తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాక గాని, తాను కుంటలేదన్న సంగతి ఓదెలుకు తట్టలేదు. సంతోషం పట్టలేక లేచి ఇంకోసారి బాత్రూముకు వెళ్ళొచ్చాడు. ఆ వెళ్ళడానికి ఎస్తేరురాణి కూడా లేచి తలుపు దాకా రావలసి వచ్చింది, ప్రవేశం ఇంకా పూర్తి కాలేదు కాబట్టి.

ఐదో రోజు చక్రధరరావు తనిఖీకి దిగాడు. ఇస్త్రీ నలగని మనిషి. మాట్లాడే ముందు గొంతు సవరించుకునేవాడు, మాట్లాడిన తర్వాత గుమస్తా రాసుకున్నాడో లేదో చూసేవాడు.

"సిస్టర్, మీరు వీక్షిస్తున్నది ఏమిటి?"

"మోకాలు సార్."

"మోకాలు ప్రవేశ స్థలం మాత్రమే. ఉత్తర్వు ప్రకారం మీరు వీక్షించవలసినది ప్రవేశ క్రియను. స్థలం వేరు, క్రియ వేరు."

డాక్టర్ విశ్వమోహన్ చేతులు నలుపుకుంటూ, "బుడగలు చాలా సూక్ష్మం సార్, కంటికి కనబడవు" అన్నాడు.

"కనబడకపోవడం బుడగల సమస్య. చూడకపోవడం మన లోపం. మన లోపాన్ని మనం సవరించుకుందాం." చక్రధరరావు వాచీ పట్టుకుని ఒక నిమిషం పాటు ఎస్తేరురాణి కళ్ళలోకి చూశాడు. "నిమిషానికి పదిహేను సార్లు రెప్ప వేశారు. అంటే నాలుగు గంటల్లో మూడు వేల ఆరు వందల సార్లు ప్రభుత్వం కళ్ళు మూసుకుంటోంది! ఆ వ్యవధిలో ఏ బుడగ లోపలికి వెళ్ళింది, ఏ బుడగ బయటే ఉండిపోయింది, ఎవరు జవాబుదారీ?"

అంత పెద్ద ప్రశ్న ఆ ఆస్పత్రిలో అంతకు ముందెవరూ అడగలేదు.

మర్నాడే అనుబంధ ఉత్తర్వు వచ్చింది. ప్రతి ప్రవేశ స్థలానికీ ఇద్దరు వీక్షకులు. ఇద్దరూ ఏకకాలమున రెప్ప వేయరాదు. రెప్ప వేయదలచిన వారు ముందుగా రెండవ వారికి తెలియపరచవలెను. ఎస్తేరురాణికి జతగా అటెండరు రాజమౌళిని వేశారు. ఇక ఆరో నంబరు మంచం దగ్గర పొద్దస్తమానం ఒకటే మాట.

"ఏస్తున్న."

"ఏసెయ్యి."

"ఏసిన. ఇగ నువ్వెయ్యి."

అప్పటికి ఆ బుడగల మందు మీద పదకొండు మంది ఉన్నారు. భుజాలు, మోచేతులు, మడమలు, ఒక మెడ. తలా ఇద్దరు చొప్పున ఇరవై ఇద్దరు కావాలి. ఎక్స్‌రే గదికి తాళం పడింది, ఆ గది మనిషి మోచేతి మీద ఉన్నాడు. అంబులెన్సు డ్రైవరు భుజం మీద ఉన్నాడు. వంటమనిషి మడమ మీద ఉంది. ఆ మడమ గల ముసలమ్మకు పన్నెండింటికల్లా ఆకలి వేసింది. వంటమనిషి కదలనంటే, ఆవిడే లేచి వంటింట్లోకి నడిచి, ఇద్దరు వీక్షకులనూ ఎదురుగా కూర్చోబెట్టుకుని, మడమ చాపుకుని వార్డంతటికీ పప్పు వండి పెట్టింది. పప్పు బాగుందని అందరూ అన్నారు. ఎస్తేరురాణి మాత్రం ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచనలో పడింది.

ఏడో రోజు ఓదెలు భార్య కనకవ్వ చెంగుతో చెమట తుడుచుకుంటూ వచ్చింది. మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న మొగుణ్ణీ, ఆ మోకాలి మీదే చూపు నిలిపిన ఇద్దరినీ చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"గిదేం చోద్యం? గుళ్ళె దేవుణ్ణి గూడ గింతగనం జూడరు!" అని, గొంతు తగ్గించి, "నీ మోకాలు ముచ్చట తర్వాత. మా తమ్ముడు రేపు పొద్దుగాల పట్నం పోతుండు, వాని పని వానికి లేదా? రెండు గెలలు అప్పుడే కొసకాడ నల్లవడ్డయి. ఏం జెయ్యమంటవ్?" అంది.

ఆ చెట్లు ఓదెలుకు పేరుపేరునా తెలుసు. వంకరది, జంటలో పెద్దది, వాగులోకి ఒంగినది. నొప్పి ఉన్నంత కాలం ఎక్కలేక ఏడ్చాడు. ఇప్పుడు నొప్పి లేదు, ఎక్కగలడు, కదలడానికి లేదు. ఇంతకంటే అన్యాయం ఉంటుందా అనిపించి అతనికి నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పోత బిడ్డా. మోకాలు పోతే పోయె. చెట్లు పోతే నేను బతుకుడెట్ల?" అని మంచం దిగాడు.

"ఆగు కాకా." ఎస్తేరురాణి గోడకు అంటించిన ఉత్తర్వు దగ్గరికి పోయి వేలు పెట్టి చదివింది. తర్వాత డాక్టరును పిలుచుకొచ్చింది. "సార్, సిబ్బంది దృష్టి దాటొద్దు అన్నరు. ఆస్పత్రి దాటొద్దని ఏడున్నది? మడిమెను వంటింట్లకు తోలుకపోంగ లేనిది, మోకాలును తాళ్ళ కాడికి తోలుకపోతే ఏమైతది?"

డాక్టర్ విశ్వమోహన్ ఉత్తర్వును మూడుసార్లు చదివాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు. ఆస్పత్రి అన్న మాట అందులో లేదు. ఆయన మొహంలో చాలా రోజుల తర్వాత రక్తం ఆడింది.

డ్రైవరు చూసే భుజాన్ని డాక్టరు తన మీద వేసుకోగా, మర్నాటి నుంచి అంబులెన్సు పొద్దునా సాయంత్రమూ వాగు ఒడ్డుకు పోసాగింది. అందులోంచి మోకాలు, మోకాలి తాలూకు ఓదెలు, ఎస్తేరురాణి, రాజమౌళి, రెండు స్టూళ్ళు, ఒక రిజిస్టరు దిగేవి. చెట్టు మొదట్లో మందు రాయడం, ఓదెలు నడుముకు మోకు బిగించి సరసర పైకి పోవడం, కింద ఇద్దరూ తలలెత్తి వంతులవారీగా రెప్పలు వేయడం. నల్లబడిన రెండు గెలలనూ ఓదెలు లోపలి దాకా చెక్కి చూశాడు. ఒకటి చుక్క వదిలింది. రెండోది మరునాడు వదిలింది. పైనుంచి ఓదెలు ఈల వేస్తే కింద కనకవ్వ కూడా నవ్వింది. మెడ నొప్పి మాట అటుంచితే ఎస్తేరురాణికి ఆస్పత్రి కంటే ఇదే హాయిగా ఉంది. రాజమౌళికి మరీ హాయిగా ఉంది. లొట్టి దిగినప్పుడల్లా అతనూ కొంచెం రుచి చూసేవాడు, ఆ తర్వాత అతని వంతు రెప్ప కాస్త ఎక్కువసేపు పడేది.

పదో రోజు పొద్దున, ఓదెలు ఆఖరి చెట్టు మీద ఉండగా, జీపు వచ్చి ఆగింది.

"ప్రవేశ స్థలం ఎక్కడ?" అన్నాడు చక్రధరరావు దిగుతూనే.

రాజమౌళి వినయంగా ఆకాశం వైపు చూపించాడు.

చక్రధరరావు టోపీ పట్టుకుని పైకి చూశాడు. ఆకుల నడుమ నలభై అడుగుల ఎత్తున ఏదో కాలు కనిపించింది. ఏ కాలో ఆయన చెప్పలేకపోయాడు. ఓదెలు దిగివచ్చే లోపల గుమస్తా చేత రాయించేశాడు. "వీక్షకుని కన్నుకును ప్రవేశ స్థలమునకును నడుమ దూరము మూడు అడుగులు మించరాదు. ఈ ఏర్పాటు పూర్తి అగు వరకు రోగి చెట్టు ఎక్కరాదు."

"గట్లంటే మేము గూడ చెట్టెక్కాల్నా సార్?" అంది ఎస్తేరురాణి.

"ప్రజారోగ్యం ఎంత ఎత్తుకు వెళితే సిబ్బంది అంత ఎత్తుకు వెళ్ళాలి. రాసుకున్నావా?" అన్నాడాయన గుమస్తాతో.

ఓదెలుకు అరికాలి మంట నెత్తికెక్కింది. నడుముకు మోకు ఉండగానే ముందుకు వచ్చాడు. "సారూ, మీరు ఎన్నన్న రాయుండ్రి. చెట్టు మీ కాయిదం సదవదు. పొద్దుమీకి ఎక్కకుంటే దాని టైముకు అది ఎండుతది."

"చెట్టు మా పరిధిలోకి రాదు" అన్నాడు చక్రధరరావు శాంతంగా.

ఆ సాయంత్రం తాళ్ళ కింద సిబ్బందికి వృక్షారోహణ శిక్షణ జరిగింది. కుర్చీలో కూర్చుని చక్రధరరావు ఎక్కడంలోని సిద్ధాంతాన్ని వివరించాడు. బరువు కాళ్ళ మీద ఉంచాలి, ధైర్యం మనసులో ఉంచాలి. అంబులెన్సు డ్రైవరు ఆరడుగుల దాకా పోయి, చెట్టును కావలించుకుని కళ్ళు మూసుకున్నాడు. దిగమంటే దిగనని ఏడ్చాడు. నలుగురు పట్టి ఊడదీశారు. డాక్టర్ విశ్వమోహన్ రెండడుగుల దగ్గర జారి, మీ మందే మీకు రాస్తామని అందరూ అంటే వద్దంటే వద్దన్నాడు. తనకెవరు కాపలా ఉంటారో ఆయనకు తెలుసు. చీకటి పడింది. ఆ పూట పద్దెనిమిది చెట్లలో ఒక్క చెట్టూ ఎవరూ ఎక్కలేదు. ఓదెలు అన్నం ముట్టకుండా పడుకున్నాడు.

తెల్లవారి చక్రధరరావు తాళ్ళ కిందే కుర్చీ వేయించుకుని, చెట్టెక్కగల వీక్షకుణ్ణి కొత్తగా నియమించుకోవాలని తేల్చాడు. అర్హతలు రాయించాడు. ఇరవై ఏళ్ళకు తగ్గని ఆరోహణ అనుభవం. చూపు నిలకడ. రోగి చెట్టెక్కు వేళల్లో అదే చెట్టు మీద ఉండుటకు వీలు. మిగతా గీత పనివాళ్ళకు ఆ వేళల్లో ఎవరి చెట్లు వాళ్ళకున్నాయి. మధ్యాహ్నానికి ఒకే ఒక దరఖాస్తు వచ్చింది. ఎస్తేరురాణి చేతి రాత.

చక్రధరరావు అటు ఫైలూ ఇటు దరఖాస్తూ చూశాడు. "రోగి కొయ్యడ ఓదెలు. అభ్యర్థి కొయ్యడ ఓదెలు. ఇద్దరికీ ఒకే పేరా?"

"ఒక్కటే మనిషి సార్" అంది ఎస్తేరురాణి.

డాక్టర్ విశ్వమోహన్ నేల చూపులు చూస్తున్నాడు. చక్రధరరావు గుమస్తా వైపు తిరిగి, "రోగి సిబ్బంది కారాదని ఎక్కడైనా ఉందా?" అన్నాడు. గుమస్తా పుస్తకం అటూ ఇటూ తిరగేసి లేదన్నాడు. చక్రధరరావు టేపు తెప్పించాడు. ఓదెలును నిలబెట్టి, అతని కంటి నుంచి అతని మోకాలి దాకా కొలిపించాడు. నిలబడితే మూడడుగుల తొమ్మిదంగుళాలు. ఓదెలు చెట్టెక్కేటప్పటి లాగా మోకాలు మడిచాడు. రెండడుగుల ఏడంగుళాలు.

"దూర నిబంధన నెరవేరుతోంది. రెండవ వీక్షకుడు?"

"ఆయనకు రెండు కండ్లున్నయి సార్."

చక్రధరరావు దీర్ఘంగా ఆలోచించాడు. "అయితే ఒక్కొక్క రెప్ప వంతులవారీగా వేయవలెను" అన్నాడు. సంతకం చేశాడు.

ఆ విధంగా కొయ్యడ ఓదెలు ఔషధ ప్రవేశ వీక్షకుడయ్యాడు, వృక్ష విభాగం. మెడలో గుర్తింపు కార్డు పడింది. మందు సిబ్బంది అధీనంలో ఉండాలి కాబట్టి ట్యూబు అతని చేతికే అప్పగించారు. అతను దాన్ని రొంటిన దోపుకుని, తన మోకాలికి తానే రాసుకుని, మోకు బిగించి, మొదటి చెట్టుకు పరుగెత్తాడు. చక్రధరరావు ఆ దృశ్యం చూసి తృప్తిపడ్డాడు. ఇంత పకడ్బందీ ఏర్పాటు రాష్ట్రమంతా ఆదర్శం కావాలని గుమస్తాతో చెప్పి, మిగతా సిబ్బందినీ స్టూళ్ళనూ జీపులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఎస్తేరురాణి ఒక్కతే వెనక ఉండిపోయింది. చాలా రోజులకు రెప్పలు తోచినట్టు వేసుకుంటూ, ఒడిలో రిజిస్టరు పెట్టుకుని, చెట్టు వైపు చూసింది. పైన ఓదెలు ఒక కాలు మడిచి, ఇంకో కాలు చాపి, గెల కొసను చెక్కుతున్నాడు. రాత్రంతా ఎండిన కొస కింద పడింది. తర్వాత లొట్టిలో చుక్క పడిన చప్పుడు కింది దాకా వినిపించింది. అప్పుడామెకు ఒక సంగతి తట్టింది. ఇన్ని రోజుల్లో, ఇంత మందిలో, తనతో సహా, ఆ మనిషిని ఆ ఒక్క మాట ఎవరూ అడగలేదు. ఆమెకు సిగ్గేసింది.

లేచి నిలబడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కేక వేసింది. "ఓ కాకా! మోకాలు నొప్పి ఎట్లున్నది?"

పైన కత్తి ఆగింది. ఆకుల సందులోంచి ఓదెలు తల బయటికి వచ్చింది. అతను ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు కాసేపు చూశాడు.

"ఏ మోకాలు బిడ్డా?" అన్నాడు.

ఎస్తేరురాణి పకపకా నవ్వింది. నవ్వుతూనే అది రాద్దామని రిజిస్టరు తెరిచింది. పద్నాలుగు గడులూ వేలు పెట్టి వెతికింది. ప్రవేశ సమయం ఉంది, నాలుక ఉంది, రెప్పలు ఉన్నాయి, అడుగులూ అంగుళాలూ ఉన్నాయి. నొప్పి పోయిందా అన్న గడి మాత్రం ఎక్కడా లేదు. ఆమె రిజిస్టరు మూసి, గడ్డి మీద వేసి, దాని మీద కూర్చుని, పైనుంచి లొట్టి ఎప్పుడు దిగుతుందా అని చూడసాగింది.